నీటి సంఘాల చట్టం: మెక్సికో, పల్నాడు

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయిన పిమ్మట పల్నాటి మెట్టసేద్యపు స్వరూపమే మారిపోయినది. కుడి కాలువ ఆయకట్టులోని ముప్పాళ్ళ ప్రాంతంలో నాటినుండి నీటి లభ్యతతోపాటు, తూము ఎవరి ఆధీనంలో ఉండవలెనన్న ప్రశ్న కూడ తలెత్తినది.

మెక్సికో ఈ ప్రశ్నకు భిన్నమైన సమాధానం చెప్పినది. 1989లో జాతీయ జల కమిషన్‌ను నెలకొల్పి, ఆర్థిక సంక్షోభపు ఒత్తిడిలో కాలువల నిర్వహణను రైతు సంఘాలకు అప్పగించినది. నీటి రుసుము వసూలు చేసుకొని, దానితో సిబ్బందిని నియమించుకొనునవి ఆ సంఘాలే.

ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం చేసి, పదివేలకు పైగా నీటి సంఘాలను ఏర్పరచినది. సాహసమే. అయితే నీటి తీరువా వసూలు రెవెన్యూ శాఖ వద్దనే నిలిచినది. ఇంజనీర్లు ప్రభుత్వోద్యోగులుగానే కొనసాగిరి. సంఘాలకు ప్రధానంగా దక్కినవి పూడికతీత, మరమ్మతు పనులు, వాటి నిధులు. సంఘాధ్యక్షులు కాంట్రాక్టర్లవలె మారిరన్న విమర్శ తరచుగా వినవచ్చును. దానిని వ్యక్తుల స్వభావదోషంగా కాక, చట్టపు నిర్మాణంలోనే వెదకుట ఉచితం. మెక్సికోనుండి మనము స్వీకరించినది సంఘమును, దాని పెట్టెను కాదు.

కాలువ చివరి భూములలో మిరప వేసిన రైతుకు ఇది సిద్ధాంత చర్చ కాదు. ఎగువన అదనపు నీరు మళ్ళించుకొనువారిని నిలువరించు సిబ్బంది తన సంఘానికి లేనప్పుడు, ఒక్క తడి కొరకు అతడు నీటిపారుదల శాఖ కార్యాలయానికే పోవలసియున్నది.