తెలుగు నాట హైస్కూలు బాస్కెట్‌బాల్

బాస్కెట్‌బాల్ తెలుగు హైస్కూళ్లకు వ్యాయామ విద్య వెంట వచ్చిన ఆట. కబడ్డీ, ఖోఖోల మాదిరి ఊళ్లో పుట్టినది కాదు, వాలీబాల్ మాదిరి ఊరూరా పాకినదీ కాదు. గట్టి నేల, నేర్పే మాస్టారు ఒకేచోట కుదిరిన బడుల్లోనే అది నిలబడింది. నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు వంటి నల్లరేగడి మండలంలో ఈ రెండూ కుదరడం ఎంత కష్టమో తేలిగ్గా అర్థమవుతుంది.

పుట్టుక

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించాడు. మంచు కురిసే రోజుల్లో బయట ఆడలేక విసిగిపోయిన 18 మంది విద్యార్థులను కప్పు కింద ఆడించడం ఆయనకు అప్పగించిన పని. తొమ్మిదేసి మందిని రెండు జట్లుగా చేసి, వ్యాయామశాల బాల్కనీ అంచుకు పీచు పండ్ల బుట్టలు రెండు కొట్టించాడు. ఆ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ ప్రపంచమంతటా రింగు ఎత్తు అదే, మెట్రిక్ కొలతలో 3.05 మీటర్లు. ఆయన రాసిన 13 నియమాల్లో బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడం లేదు. బంతి అందుకున్నవాడు నిలబడ్డ చోటి నుంచే విసరాలి. డ్రిబ్లింగ్ తర్వాతి ఏళ్లలో ఆటగాళ్లే కనిపెట్టి స్థిరపరిచారు. జట్టుకు ఐదుగురు అన్న లెక్క 1897 నాటికి కుదురుకుంది.

డ్రిబ్లింగ్ రావడంతో ఆట స్వభావమే మారింది. బంతి ప్రతిసారీ ఒకే తీరున పైకి లేవాలంటే నేల సమంగా, గట్టిగా ఉండి తీరాలి. 1895లో దగ్గర్లోని హోల్యోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ తయారుచేసిన వాలీబాల్‌కు ఈ ఇబ్బంది లేదు. అందులో బంతి నేలను తాకితే పాయింటు పోయినట్టే. ఒకే సంస్థలో నాలుగేళ్ల తేడాతో పుట్టిన ఈ రెండు ఆటల్లో ఒకటి ఆంధ్ర పల్లెల్లో ఇంటి ఆటైపోయి, రెండోది పట్నాలు దాటలేకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

నేల చెడితే బాస్కెట్‌బాల్ ఏమవుతుందో ఒలింపిక్స్‌లోనే రుజువైంది. 1936లో బెర్లిన్‌లో ఈ ఆటను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చి, ఆరుబయట మట్టి కోర్టుల్లో ఆడించారు. ఫైనల్ రోజు వాన పడి కోర్టు బురదైంది. డ్రిబ్లింగ్‌కు దిక్కులేదు. అమెరికా 19, కెనడా 8 పాయింట్లతో ఆట ముగిసింది. తాను పుట్టించిన ఆట ఒలింపిక్స్‌కు చేరడం చూడటానికి నైస్మిత్ ఆ వేడుకలకు హాజరయ్యాడు.

మద్రాసు దారి

భారతదేశంలో ఈ ఆట వ్యాప్తికి వైఎంసీఏయే ఆధారం. దక్షిణాదిన ఆ పని చేసిన ప్రముఖుడు హ్యారీ క్రో బక్. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న ఈ అమెరికన్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా పాఠశాల స్థాపించాడు. అదే తర్వాత సైదాపేటకు మారి వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలగా పేరు పొందింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత బృందం వెంట బక్ ఉన్నాడు. 1943లో మరణించేదాకా ఆయన పని మద్రాసులోనే సాగింది. బడిలో ఆటలు నేర్పడం చదువుకుని చేయవలసిన వృత్తి అన్న భావన ఈ కళాశాలతో దక్షిణాదిన వేళ్లూనుకుంది.

1953 వరకు కర్నూలు జిల్లా, అందులోని నంద్యాల, బండి ఆత్మకూరు మద్రాసు రాష్ట్రంలోనివి. కోస్తా, రాయలసీమ జిల్లాల వారికి వ్యాయామ విద్య అంటే మద్రాసే. ఇంగ్లీషు బడుల డ్రిల్లు పీరియడ్‌ను నడిపే వ్యక్తిని జనం డ్రిల్లు మాస్టారు అన్నారు. ఆ పిలుపు ఈనాటికీ పెద్దల నోట వినిపిస్తుంది. పిల్లలు మాత్రం పీఈటీ సార్ అంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడ్డాక సైదాపేట పొరుగు రాష్ట్రానిదైంది. తమిళనాడు జాతీయ బాస్కెట్‌బాల్‌లో ఎప్పుడూ ముందు వరుసలో ఉండటానికి, ఆంధ్ర వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఈ ఎడబాటును కూడా లెక్కించాలి.

హైదరాబాద్ రాష్ట్రంలో వ్యాయామ విద్యకు దోమలగూడ కళాశాల కేంద్రమైంది. అక్కడ బడి పంతులే మేటి కోచ్ కాగలడని నిరూపించినవాడు బాస్కెట్‌బాల్ మనిషి కాదు, ఫుట్‌బాల్ మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడుల్లో ఉపాధ్యాయుడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, ఆపై భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మూడుసార్లూ కోచ్ రహీమే. తెలుగు బాస్కెట్‌బాల్‌కు అలాంటి మనిషి దొరకలేదు.

నల్లరేగడి, గరుసు, నాపబండ

బండి ఆత్మకూరు కుందూ పరీవాహకంలో, కేసీ కాలువ నీరు పారే మండలం. వరి, శనగ పండే నల్లరేగడి నేల. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి అడుగు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వానాకాలంలో చెప్పుకు అంటుకుంటే వదలదు. అలాంటి నేల మీద కబడ్డీ ఆడవచ్చు, పైన మెత్తటి మట్టి పోస్తే సరి. రెండు గుంజలు పాతి వల కడితే వాలీబాల్ ఆడవచ్చు. బంతి నేలకు కొట్టాలంటే మాత్రం కుదరదు. నెర్రె అంచు తగిలితే అది ఎటు పోతుందో చెప్పలేం.

సిమెంటు వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. నల్లరేగడి మీద నేరుగా కాంక్రీటు పరిస్తే కింద మట్టి కదిలి రెండు మూడేళ్లలో పలక పగులుతుంది. పైమట్టిని లోతుగా తవ్వి తీసేసి, గరుసు నింపి, నీళ్లు పెట్టి, రోలరు తొక్కించి, అప్పుడు కంకర పరచాలి. నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వాలి, ఎండకు వ్యాకోచించడానికి పలకల మధ్య సందులు వదలాలి. పూర్తి కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే 420 చదరపు మీటర్లు. చుట్టూ పరుగు ఆపుకునే జాగా అదనం. తరగతి గది కప్పు కారుతున్న బడిలో ఇంత ఖర్చు ఆటకు పెట్టమని అడగడానికి ఏ ప్రధానోపాధ్యాయుడికైనా నోరు రాదు.

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాయికి పేరుపడ్డ చోట్లు. ఇక్కడి బడి వరండాలన్నీ ఆ బండలే. బంతి పట్టు నేర్పడానికి నాపబండ వరండా చక్కటి చోటు. కూర్చుని, నిలబడి, రెండు చేతులా బంతి కొట్టించవచ్చు. పరుగుకు మాత్రం పనికిరాదు. నున్నటి బండ మీద ఒక్కసారిగా ఆగితే కాలు జారుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. వేసవిలో నంద్యాల ప్రాంతం 45 డిగ్రీలు దాటే రోజులు చూస్తుంది. ఆరుబయటి సిమెంటు కోర్టు ఉదయం ఎనిమిదికే కాగుతుంది. అందుకే శిక్షణంతా తెల్లవారుజామున, లేదా బడి వదిలాక పొద్దు వాలే వేళ. బస్సు ఎక్కి పక్క ఊరికి వెళ్లవలసిన పిల్లలకు ఆ రెండు వేళలూ చిక్కవు.

బడి పేరు ఎందుకు మిగలదు

1954లో పాఠశాల క్రీడా సమాఖ్య ఏర్పడింది. దాని పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు వారికి విడివిడిగా జరుగుతాయి. తెలుగు బడుల్లో దీన్ని ఎస్‌జీఎఫ్ అనే అంటారు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చి పల్లె హైస్కూళ్లు వాటి చేతికి వచ్చాక, పల్లె బిడ్డకు జాతీయ పోటీ దాకా వెళ్లే దారి ఎస్‌జీఎఫ్‌తోనే తెరుచుకుంది. కానీ ఈ దారిలో ఒక మలుపుంది. ఎంపికలు ముగిశాక రాష్ట్ర స్థాయిలో ఆడేది బడి జట్టు కాదు, జిల్లా జట్టు. జాతీయ స్థాయిలో ఆడేది రాష్ట్ర జట్టు. ఒక బడిలో ఐదేళ్లు కలిసి ఆడిన ఐదుగురిలో ఇద్దరు ఎంపికైతే మిగిలిన ముగ్గురి ఆట అక్కడితో ఆగుతుంది.

అమెరికాలో జరిగేది దీనికి పూర్తిగా వేరు. అక్కడ పోటీ పడేది బడే. ఇండియానా రాష్ట్రంలో చిన్నాపెద్దా తేడా లేకుండా అన్ని హైస్కూళ్లూ ఒకే టోర్నమెంటులో ఆడిన రోజుల్లో, 161 మంది విద్యార్థులున్న మైలన్ అనే పల్లె బడి 1954లో మన్సీ సెంట్రల్‌ను 32–30తో ఓడించి రాష్ట్ర విజేత అయింది. కోచ్ మార్విన్ వుడ్‌కు అప్పటికి 26 ఏళ్లు. మరుసటి సంవత్సరం ఇండియానాపొలిస్‌లోని నల్లజాతి విద్యార్థుల బడి క్రిస్పస్ అటక్స్, రే క్రో శిక్షణలో, ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటతో అదే టైటిల్ గెలిచింది. 1956లో ఒక్క ఆటా ఓడకుండా నిలబెట్టుకుంది. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పది జాతీయ టైటిళ్లు గెలిపించిన జాన్ వుడెన్ అంతకుముందు ఇండియానాలో హైస్కూలు ఇంగ్లీషు పంతులు. మేజోళ్లు ముడత పడకుండా ఎలా వేసుకోవాలో కూడా ఆటగాళ్లకు నేర్పేవాడు, ముడత పడితే బొబ్బ, బొబ్బ లేస్తే సాధన పోతుందని.

తెలుగు బడిలో కోచ్ పేరుతో ఉద్యోగం లేదు. పీఈటీయే అన్ని ఆటలకూ కోచ్. ఉదయం ప్రార్థన, క్రమశిక్షణ, జెండా వందనం కవాతు, ఎస్‌జీఎఫ్ ఫారాలు, పిల్లల వెంట ప్రయాణం అన్నీ ఆయన మీదే. కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. బాస్కెట్‌బాల్ ఆడి వచ్చిన మాస్టారు ఉన్నన్నాళ్లు ఒక బడిలో ఆట వెలుగుతుంది. ఆయన స్థానంలో కబడ్డీ మాస్టారు వస్తే రింగుకు వల కట్టేవాడుండడు. ఇది వచ్చినవారి తప్పు కాదు. ఎవరికి వచ్చిన ఆట వారు నేర్పుతారు. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ మొదలై ఒక్కో ఆటకు ప్రత్యేక కోచింగ్ డిప్లొమా ఇవ్వడం ఆరంభించింది. ఆ డిప్లొమా పొందినవారికి సాధారణంగా చోటు దొరికేది క్రీడా ప్రాధికార సంస్థల్లో, పట్నాల స్టేడియాల్లో. పల్లె హైస్కూలు దాకా రావడం అరుదు.

అందుకే ఆట కాస్త స్థిరంగా నిలిచింది ఆవాస విద్యాలయాల్లో. 1971లో సర్వేల్‌లో, మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లిలో గురుకులాలు మొదలయ్యాయి. 1980ల నడుమ నవోదయ విద్యాలయాలు వచ్చాయి. పిల్లలు ప్రాంగణంలోనే ఉంటారు కాబట్టి తెల్లవారు వేళా, సాయంత్రం వేళా రెండూ చేతిలో ఉంటాయి. పైగా నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు జాతీయ పాఠశాల క్రీడల్లో సొంత జట్లతో బరిలోకి దిగుతాయి.

నేర్పే తీరు

నలభై మంది పిల్లలు, రెండు బంతులు. తెలుగు బడి బాస్కెట్‌బాల్ శిక్షణ ఈ లెక్కతో మొదలవుతుంది. అందుకని అనుభవమున్న మాస్టార్లు బంతి కంటే ముందు కాళ్లకు పని చెబుతారు. పరుగు మధ్యలో రెండడుగుల్లో ఆగడం, ఒక కాలు పాతేసి రెండో కాలు తిప్పే పివట్, వెనక్కి పరుగు, పక్కకు జారడం, వీటికి బంతి అక్కర్లేదు. తర్వాత జతలుగా ఛాతీ పాసు, నేలకు కొట్టి అందించే పాసు. ఆపైన రెండు వరుసల లేఅప్. ఒక వరుస షాట్ కొడుతుంది, రెండోది రీబౌండ్ పట్టి పాసు ఇస్తుంది. కుడిచేతి వాటం పిల్లవాడు కుడి, ఎడమ అని అడుగు లెక్కేసుకుని ఎడమ కాలి మీద లేవాలి. ఈ లెక్క తప్పితే ట్రావెలింగ్, బంతి అవతలి జట్టుకు పోతుంది.

కబడ్డీ ఆడి వచ్చిన పిల్లలు మొదట్లో ఫౌళ్లతో బయటికి పోతారు. తాకి పట్టడమే గెలుపైన ఆటలో పెరిగినవారికి తాకితే తప్పన్న నియమం ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. ఐదు ఫౌళ్లయితే ఆట అయిపోయినట్టే. ఖోఖో పిల్లలకు మాత్రం రక్షణ వరంలా అబ్బుతుంది. నడుము వంచి, క్షణంలో దిశ మార్చడం వారికి కొత్త కాదు. వాలీబాల్ బ్లాకర్‌కు రీబౌండ్ సమయం ముందే తెలుసు. ఊరి ఆటల మీదే బాస్కెట్‌బాల్‌ను కట్టే మాస్టారు మూడేళ్ల పనిని ఏడాదిన్నరలో చేయగలడు.

చిన్నపిల్లల విషయంలో సాధారణంగా జరిగే తప్పు పెద్దల రింగుకే షాట్లు కొట్టించడం. బలం చాలక బంతిని తుంటి దగ్గర నుంచి విసరడం అలవాటవుతుంది, అది తర్వాత వదలదు. దీనికి విరుగుడుగానే 1950 ప్రాంతంలో అమెరికాలో జే ఆర్చర్ చిన్న రింగు ఆటను మొదలుపెట్టాడు. నేటి మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తున, బంతి 5వ సైజులో ఉంటుంది. గోడకు ఇనుప చట్రంతో ఆ ఎత్తున ఒక రింగు బిగించడానికి ఊరి వెల్డింగ్ షాపు చాలు.

ఆడపిల్లల ఆట మొదటి నుంచీ ఉన్నదే. నైస్మిత్ ఆట పుట్టిన ఏడాదికే సెండా బెరెన్సన్ స్మిత్ కాలేజీలో అమ్మాయిల చేత ఆడించింది. తెలుగు బడుల్లో ఆడపిల్లల వాటా ఎక్కువగా త్రోబాల్, ఖోఖోలకే పోయింది. సాయంత్రం చీకటి పడేలోగా ఇంటికి చేరాలన్న నియమం బాస్కెట్‌బాల్ సాధన వేళలకు నేరుగా అడ్డం. ఈ అడ్డంకి లేని బాలికల ఆవాస బడుల్లో ఆట బాగా నడవడంలో వింత లేదు.

ఇటీవలి కాలం

2018లో మొదలైన ఖేలో ఇండియా పాఠశాల క్రీడల్లో బాస్కెట్‌బాల్‌కు చోటు దక్కింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో బండి ఆత్మకూరు, ఆళ్లగడ్డ ప్రాంతాలు కర్నూలు నుంచి విడివడి కొత్త జిల్లాలో చేరాయి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా ఆరంభమైన ఆడుదాం ఆంధ్రా పోటీలకు ఎంచుకున్న ఐదు ఆటలు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. గ్రామ స్థాయి నుంచి ఆడించవలసిన పోటీ కాబట్టి గ్రామంలో కోర్టు లేని ఆట అందులో లేదు.

టోక్యో ఒలింపిక్స్‌తో పతక క్రీడ అయిన 3×3 బాస్కెట్‌బాల్ ఈ నేల లెక్కను కొంత మార్చింది. ఒకే రింగు, 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు, జట్టుకు ముగ్గురు ఆటగాళ్లు, ఒక ప్రత్యామ్నాయ ఆటగాడు. పది నిమిషాల ఆట, ముందుగా 21 పాయింట్లు చేసినవారు గెలిచినట్టు. తవ్వి గరుసు నింపవలసిన నేల 420 చదరపు మీటర్ల నుంచి 165కు తగ్గుతుంది.