రెండు ఆఫీసులు, రెండు ఫలితాలు: ప్రక్రియల నిర్వహణలో పని సంస్కృతి పాత్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు ‘కార్డ్’ కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. కొంచెం అటూ ఇటూగా అదే కాలంలో హైదరాబాద్ జలమండలి కొత్త నల్లా కనెక్షన్ల దరఖాస్తులను సెక్షన్ ఆఫీసుల నుంచి తప్పించి, ‘సింగిల్ విండో సెల్’ పేరుతో ఒకే చోటికి చేర్చింది. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే: మెట్లు తగ్గాలి, మధ్యవర్తి అవసరం పోవాలి, లంచానికి సందు దొరకకూడదు. కాని ఫలితాలు ఒకేలా రాలేదు. ఆ తేడాకు కారణం సాంకేతికతలో కన్నా పని సంస్కృతిలోనే ఎక్కువగా ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

వ్యాపార ప్రక్రియల నిర్వహణ శాస్త్రం ఈ సంగతిని ఆలస్యంగా గుర్తించింది. 1990లో మైకేల్ హేమర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన ప్రసిద్ధ వ్యాసం, పాత పనినే కంప్యూటర్‌కు ఎక్కించడం దండగని, దాన్ని తీసిపారేసి కొత్తగా కట్టుకోవాలని చెప్పింది. ఆ దశాబ్దమంతా సంస్థలు ఆ మాట వెంట నడిచాయి. మనుషుల అలవాట్లకు, భయాలకు, ఆశలకు ఆ ఆలోచనలో చోటు దక్కలేదు. తర్వాత మైకేల్ రోజ్‌మన్, యాన్ ఫొమ్ బ్రోకె ఈ రంగానికి ఆరు మూలాంశాలు చెప్పినప్పుడు వ్యూహం, పాలన, పద్ధతులు, సాంకేతికత, మనుషులతో పాటు సంస్కృతినీ చేర్చారు. సంస్కృతిని ఎలా చూడాలన్నదానికి ఎడ్గర్ షైన్ చూపిన మూడు పొరలు ఇప్పటికీ పనికొస్తాయి: పైకి కనిపించే వస్తువులు, నోటితో చెప్పుకునే విలువలు, ఎవరూ పైకి అనకుండానే అందరూ నమ్మే విషయాలు. కార్డ్ మొదటి పొరను మార్చింది. రెండో పొరకు గోడమీద బోర్డు పెట్టింది. మూడో పొర జోలికి వెళ్లలేదు.

పాత పద్ధతి నిజంగానే దుర్భరంగా ఉండేది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజును పుస్తకంలోకి ఎక్కించాలి. గుమాస్తా దాన్ని చేత్తో అక్షరం అక్షరం దించేవాడు. ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ పత్రం కావాలంటే పాత సంపుటాలు తిరగేయాల్సిందే. అసలు దస్తావేజు చేతికి రావడానికి రోజులు పట్టేది. కార్డ్ ఈ శ్రమను తీసేసింది. దస్తావేజు స్కానింగు, మార్కెట్ విలువ లెక్క, ఈసీ అన్నీ కంప్యూటర్ మీదికి వచ్చాయి. రోజుల పని గంటల్లోకి దిగింది. ఇది చిన్న విజయం కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కూడా కాదు.

కాని ఆఫీసు బయట ఏం జరుగుతోందో చూడాలి. స్థలం కొనేవాడు అమ్మేవాడితో, ఇద్దరు సాక్షులతో, లింకు డాక్యుమెంట్లు పట్టుకుని మొదట వెళ్లేది డాక్యుమెంట్ రైటర్ దగ్గరికే. రైటరు దస్తావేజు రాస్తాడు, హద్దులు సరిచూస్తాడు, స్టాంపు డ్యూటీ కడతాడు, చివరికి ఒక మొత్తం చెబుతాడు. అందులో ప్రభుత్వానికి కట్టేది ఎంత, రాత కూలి ఎంత, లోపలికి వెళ్లేది ఎంత అని విడదీసి అడిగేవాళ్లు తక్కువ. సబ్ రిజిస్ట్రార్ ఎదుట వేలిముద్ర వేసేటప్పుడు డబ్బు మాటే రాదు, అప్పటికే అది తెమిలిపోయి ఉంటుంది. జొనాథన్ కేస్లీ 2004లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన పరిశోధన వ్యాసం ఈ అంశాన్నే పట్టుకుంది. కంప్యూటర్లు వచ్చాక కూడా ప్రజలు రైటర్ల మీదే ఆధారపడుతున్నారనీ, మామూళ్లు ఆగలేదనీ చెప్పి, కార్డ్ పొందిన పేరును ఆయన పైపూతగానే లెక్కించారు.

జలమండలిలో మార్చినది వేరు. ఫోను ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, అది పరిష్కారమయ్యేదాకా పైఅధికారులు గమనించే ఏర్పాటు వచ్చింది. పౌర సేవా పత్రం వచ్చింది. దరఖాస్తుదారుకు, క్షేత్రస్థాయి సిబ్బందికి మధ్య జరిగే విడి బేరానికి చోటు తగ్గింది. అక్కడ జవాబుదారీతనం ఒకే దిశలో కాక పౌరులు, పైఅధికారులు, క్షేత్ర సిబ్బంది మధ్య అనేక దిశల్లో ఏర్పడిందని కేస్లీయే మరో అధ్యయనంలో చూపారు. దక్షిణాసియా నీటి సరఫరా సంస్థల మీద 2004లో వెలువడిన జెనిఫర్ డేవిస్ పరిశోధన ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. అవినీతి తగ్గిన చోట సిబ్బంది ఎవరికి జవాబు చెప్పాలన్నది మారిందని, తప్పు చేస్తే మనసుకూ పరువుకూ తగిలే దెబ్బ పెరిగిందని ఆమె తేల్చారు. షైన్ చెప్పిన మూడో పొర కదిలితే కనిపించే లక్షణం ఇదే.

సంస్కృతి అనగానే దేశ స్వభావం వైపు వేలు చూపడం మన దగ్గర బాగా అలవాటైంది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ సూచికలో అధికార దూరం విషయంలో భారతదేశానికి 77 వచ్చింది, కాబట్టి మనవాళ్లు పైవాడిని ప్రశ్నించరు అని ముగించేస్తారు. ఈ వివరణతో నేను ఏకీభవించలేను. జలమండలికీ హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసులకూ ఊరు ఒకటే, భాష ఒకటే, ప్రభుత్వం ఒకటే, ఆ 77 కూడా రెండింటిదీ. రెండింటికీ సమానమైనది వాటి మధ్య తేడాను ఎలా వివరిస్తుంది? వెతకాల్సింది ఆ ఆఫీసు గదిలో, ఆ గది గుమ్మం దగ్గర.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. నల్లా కోసం వచ్చినవాడికి నీళ్లు రావడం ముఖ్యం. భూమి కొనేవాడికి జీవితకాలపు పొదుపు పణంగా ఉంటుంది, ఒక్క సర్వే నంబరు తప్పినా కోర్టు చుట్టూ తిరగాలి. అలాంటప్పుడు రైటరు అమ్మేది ధీమా. పైగా విలువ తక్కువ చూపితే డ్యూటీ మిగులుతుంది గనుక కొన్నిసార్లు కొనేవాడే అక్రమంలో భాగస్వామి. ఇది నిజం. అయితే దీంతో వాదన బలహీనపడదు, మరింత పదునెక్కుతుంది. ప్రక్రియను రూపొందించినవాళ్లు సిబ్బందిని, యంత్రాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. పౌరుడి భయాన్ని, ఆ భయాన్ని తీర్చే రైటరును లెక్కలోకి తీసుకోలేదు. రైటరు తీరుస్తున్న అవసరాన్ని తీర్చేవాళ్లు లోపల లేనంతకాలం ఆయన బల్ల ఖాళీ కాదు.

ఈ ప్రశ్న పాతబడలేదు. తెలంగాణలో 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ తహశీల్దార్ దగ్గర ఒకేసారి అయ్యేలా చేసింది. ప్రక్రియగా చూస్తే చక్కని ఆలోచన. కాని రికార్డులో తప్పు దొర్లిన రైతుకు కింది స్థాయిలో ఎవరిని అడగాలో తెలియలేదు. 2025 భూ భారతి చట్టం అప్పీలు దారిని తిరిగి తెచ్చింది. జవాబు చెప్పేవాళ్లు ఎవరన్నది తేలకుండా వేగం ఒక్కటే సరిపోదని ప్రభుత్వమే చట్టరూపంలో ఒప్పుకున్నట్టయింది.

మన విశ్వవిద్యాలయాల మేనేజ్‌మెంట్ శాఖల్లో ప్రక్రియల మీద వస్తున్న పరిశోధనకు ఒక విన్నపం. దరఖాస్తు ఎన్ని నిమిషాల్లో కదిలిందన్న లెక్క ప్రభుత్వ నివేదికల్లో ఇప్పటికే ఉంది. దరఖాస్తుదారు ఆఫీసు గుమ్మం ఎక్కే ముందు ఎవరిని కలిశాడు, ఎందుకు కలిశాడు, ఎంత ఇచ్చాడు అన్నది ఎక్కడా నమోదు కావడం లేదు. పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళి పట్టుకుని ముందుగా డాక్యుమెంట్ రైటర్ల బల్లల దగ్గర, మీసేవ కేంద్రాల బయట కూర్చోవాలి. కొత్త పోర్టల్ రూపొందించే ముందు ప్రభుత్వం ఆ సమాచారాన్ని అడిగి తెప్పించుకోవాలి.