రేగడి పల్లె ఇడైసెవల్

కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వైపు వెళ్లే దారిలో ఉంటుంది ఇడైసెవల్. చుట్టూ నల్లరేగడి, అక్కడివాళ్లు కరిసల్ కాడు అంటారు. వానకు తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఇంత చిన్న ఊళ్లో 1923లోనే కథకులు కి. రాజనారాయణన్ (కి.రా.), కు. అళగిరిసామి ఇద్దరూ పుట్టారు. ఇద్దరూ తమిళ కథకు దిక్కయ్యారు. ఇద్దరిళ్లలోనూ మాట తెలుగే.

తెలుగువాళ్లు అంత దూరం ఎందుకు పోయారని అడిగితే, పెద్దలు పారిపోయి వచ్చిన ఒక కథ చెబుతారు. ఒక ముస్లిం పాలకుడి కన్ను ఇంటి ఆడపిల్ల మీద పడిందట. రాత్రికి రాత్రే బంధుబలగమంతా దక్షిణానికి తరలిందట. ఇదే కథను ఇంకొన్ని కులాలు కూడా తమదిగా చెప్పుకుంటాయి. అందుకే దాన్ని చరిత్రగా కాక, వలసపోయినవాళ్ల బెంగగా వినాలంటాను. అసలు కారణం నేలలో వెతకాలి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన స్థాపించి, పాళయాలు (పాళెగాళ్లు ఏలే చిన్న సంస్థానాలు) ఏర్పరిచాడు. తామ్రపర్ణి గట్టు మాగాణి అప్పటికే తమిళ రైతుల చేతుల్లో ఉంది. దానికి ఉత్తరాన రేగడి మాత్రం చాలావరకు ఖాళీ. రేగడి సేద్యం తెలిసిన తెలుగు రైతులకు అది పరాయి నేల కాలేదు. ఈశాన్య రుతుపవనాల పదునుతో జొన్న, సజ్జ, పత్తి పండించారు.

ఇడైసెవల్‌కు దగ్గర్లోని కయత్తారులోనే 1799 అక్టోబరు 16న ఈస్టిండియా కంపెనీవాళ్లు పాళెగాడు కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. ఆయనదీ తెలుగు మాట్లాడే కుటుంబమే. ఆ తర్వాత పాళెగాళ్ల కాలం పోయి పత్తి కాలం వచ్చింది. 1876లో మదురై, తూత్తుకుడి మధ్య రైలు కోవిల్‌పట్టి మీదుగా నడిచింది. రేగడి పత్తి రేవుకు చేరింది. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టారు.

ఊరి జ్ఞాపకాలు కాగితం మీదికి ఎక్కింది మాత్రం కి.రా. చేతి మీదుగానే. పెద్దగా బడి చదువు లేని రైతు ఆయన. రైతు పోరాటాల్లో జైలుకు కూడా వెళ్లాడు. ఇంట్లో విన్న వలస కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా మలిచాడు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కరిసల్ జనం మాటలకు నిఘంటువు కూడా కూర్చాడు. అళగిరిసామికి అదే అకాడమీ గౌరవం 1970లో, చనిపోయాక దక్కింది.

2021 మేలో కి.రా. పుదుచ్చేరిలో కన్నుమూస్తే, తమిళనాడు ప్రభుత్వం ఆయనకు ఇడైసెవల్‌లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. మన పల్లెల వలసను అంత నిండుగా చెప్పిన నవల తమిళంలో పుట్టింది. తెలుగు నేల మీది చరిత్రకారులు ఆ ఊళ్లకు ఇప్పటికైనా వెళ్లాలి. తెలుగులోనే కథలు చెప్పగల ముసలివాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు.