జడకెక్కిన పూస

తెలుగిళ్లలో జడ సొమ్ముల మాటెత్తితే నాగరం, చామంతి బిళ్ళ, జడకుప్పెలు గుర్తొస్తాయి. బంగారానికి తూకం ఉంది, తాకట్టు ఉంది, కట్నాల జాబితాలో చోటుంది. అందుకే దాని చరిత్ర నిలిచింది. దారానికి గుచ్చి తలలో ముడుచుకున్న పూసను ఎవరూ లెక్క రాయలేదు. దాని కథ తెలియాలంటే పూస పుట్టిన చోటికే వెళ్లాలి.

పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. రెండు వేల ఏళ్ల కిందట రోము సరుకు దిగిన ఆ రేవు, చిన్నచిన్న ఒంటిరంగు గాజుపూసలకు కూడా పెద్ద కేంద్రం. ఆ తీరు పూసలు తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా దొరుకుతాయి. వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టిన పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్‌కు, ఆ పాత పద్ధతి సజీవంగా కనిపించింది మన పాపానాయుడుపేటలో, శ్రీకాళహస్తికి దగ్గరలో.

ఆ పని చూసి తీరవలసింది. కరిగిన గాజు ముద్దను బోలుగా ఉన్న పొడవాటి ఇనుప గొట్టం చివర చుడతారు. ఆ గొట్టాన్ని లాడా అంటారు. ముద్ద మధ్యలో బెజ్జం చేసి కొలిమిలో పెట్టి, కొసను కొక్కెంతో పట్టి లాగుతారు. కొన్ని గంటలపాటు సన్నటి గాజు గొట్టం తెగకుండా వస్తూనే ఉంటుంది. దాన్ని ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్లీ కాలిస్తే అంచుల పదును పోతుంది. బెజ్జాల్లో బూడిద నిండి ఉండడం వల్ల అవి మూసుకుపోవు, పూసలు ఒకదానికొకటి అతుక్కోవు. జడలో గుచ్చే పూసకు ఈ నునుపే ప్రాణం. అంచు పదునుగా ఉంటే దారాన్ని కోస్తుంది, వెంట్రుకల్ని చిక్కులు పెడుతుంది.

ఊరూరికీ ఈ సరుకును చేర్చింది పూసలవాళ్లు. గంపలో పూసలు, దువ్వెనలు, అద్దాలు, పిన్నీసులు, సవరాలు పెట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగేవారు. రాలిన వెంట్రుకలకు బదులు వస్తువులిచ్చి, ఆ వెంట్రుకలతోనే సవరాలు కట్టేవారు. జడనూ పూసనూ కలిపి బతుకుతెరువు చేసుకున్న వీళ్లకు మన కళాచరిత్రల్లో చోటు దక్కకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రంగస్థలం మీద మాత్రం జడకు రాజయోగమే. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలిచి, అలంకరించిన జడను తెర మీదుగా ముందుకు వేస్తుంది. కూచిపూడివారి నగలు తేలికైన బూరుగు చెక్కతో చేసేవారు. రాత్రంతా ఆడాల్సిన మెడకు బరువు పనికిరాదు కదా.

మళ్లీ పూస సంగతికొస్తే, పందొమ్మిదో శతాబ్దంలో బొహీమియాలోని యాబ్లోనెట్స్ పూసలు ప్రపంచ బజార్లను ముంచెత్తాయి. తర్వాత ప్లాస్టిక్ ముత్యం వచ్చి గాజుపూసను మరింత వెనక్కి నెట్టింది. ఇప్పటి పెళ్లి జడలూ వేణులూ చాలావరకు ఆ ప్లాస్టిక్ ముత్యాలతోనే తయారవుతున్నాయి. ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు గుడ్డపట్టీ మీద, సన్నటి తీగ మీద వాటిని పువ్వులుగా అల్లుతున్నారు. నేర్పరి చేతి పని ముడిలో తెలుస్తుంది: ప్రతి పువ్వు దగ్గరా దారాన్ని విడిగా బిగిస్తే, ఒకచోట తెగినా పెళ్లి పీటల మీద జడంతా ఊడిరాదు.