వాళ్లు చేస్తే అల్లరి, మనం పుడితేనే నేరం

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

హాస్టల్లో ఫోన్ పోతే ముందు ఎవరి ట్రంకు పెట్టె తెరుస్తారో మనకు తెలుసు. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఒక రాత్రి అదే జరిగింది. వార్డెన్ సారు ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా మా ఎరుకల తమ్ముడి దగ్గరకొచ్చి పెట్టె తియ్యమన్నారు. బట్టలన్నీ కింద పడేశారు. ఏమీ దొరకలేదు. తెల్లారి ఆ ఫోన్ పోగొట్టుకున్నవాడి పరుపు కిందే బయటపడింది. తమ్ముడికి సారీ చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

అదే నెలలో పై అంతస్తు సీనియర్లు ఫస్టియర్ పిల్లల్ని అర్ధరాత్రి లేపి, చలిలో బనియన్లతో నిలబెట్టి, చెంపలు వాయించారు. విషయం తెలిసి అదే సారు నవ్వారు. "కుర్రాళ్లు కదా, సరదా. మా రోజుల్లో ఇంకా ఎక్కువ ఉండేది" అన్నారు.

దొంగతనం చెయ్యనివాడు దొంగ. కొట్టినవాడు కుర్రాడు. ఈ లెక్క ఆ సారు సొంతంగా కనిపెట్టింది కాదు. దీని వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఒక మనిషి ఏం చేశాడని కాదు, ఏ తెగలో పుట్టాడని చూసే చట్టం అది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న వాదన. ఆ రోజుల్లో వైస్రాయి కౌన్సిల్లో న్యాయ వ్యవహారాలు చూసిన సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఈయన చిన్నప్పుడు ఇంగ్లండులో గొప్పింటి పిల్లలు చదివే ఈటన్ స్కూల్లో తోటి పిల్లల చేతుల్లో బాధలు పడినవాడే. ఆ స్కూళ్లలో చిన్న క్లాసు పిల్లలు పెద్ద క్లాసువాళ్లకు నౌకర్లలా పని చెయ్యాలి. దాన్ని నేరం అనలేదు, మగతనం నేర్పే పద్ధతి అన్నారు.

సరిగ్గా మరుసటి ఏడు, 1872లో, అలాంటిదే ఇంకో పెద్ద స్కూలు వించెస్టర్లో ఒక సంగతి జరిగింది. ఆ స్కూలు పిల్లలకు సొంత మాటలు కొన్ని ఉండేవి. అవి ఎంతవరకు వచ్చో సీనియర్లు పరీక్ష పెట్టేవాళ్లు. ఒక విద్యార్థి నేను రానన్నాడు. అంతే, విద్యార్థి నాయకుడు అతన్ని కర్రతో ముప్పై దెబ్బలు కొట్టాడు. కర్రలు విరిగాయి. లండన్ పత్రికల్లో పెద్ద గొడవ అయింది. హెడ్‌మాస్టరు మాత్రం మొదట తన విద్యార్థి నాయకుణ్ణే వెనకేసుకొచ్చాడు. ఇంత జరిగినా, ఆ స్కూల్లో చదివే కుటుంబాల పిల్లలందరి పేర్లూ పోలీసులు రాసుకోవాలని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. కొట్టింది ఒకడు, వంశమంతా కాదు. ఈ చిన్న తెలివి ఇంగ్లండులో అందరికీ ఉంది. ఓడ ఎక్కి మన దగ్గరకు వచ్చేసరికి పోయింది.

1911లో ఈ చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్లు అంతకుముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకునేవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం, రైళ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుదెరువు పోయినవాళ్లకు పని చూపించాల్సింది పోయి, వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పోలీసు ముందు హాజరు చెప్పాలి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఊరికి ఒక ఇంగ్లీషు అధికారి పేరు. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే అనుమానం. ఇప్పటికీ సినిమాల్లో ఆ ఊరి పేరు దొంగకు మారుపేరు. అదే సినిమాల్లో కాలేజీ ర్యాగింగ్ అంటే కామెడీ సీను, హీరో ఎంట్రీకి ముందు వచ్చే పాట.

స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. విముక్త జాతుల దినం అని మనం జరుపుకునేది అందుకే. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మారింది, చూపు మారలేదు.

ఇప్పుడు ర్యాగింగ్ సంగతికి వద్దాం. 1996లో తమిళనాడులో నవరసు అనే మెడికల్ విద్యార్థిని సీనియర్ చంపాక అక్కడ చట్టం వచ్చింది. 1997లో మన దగ్గరా వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ర్యాగింగ్ మీద మార్గదర్శకాలు ఇస్తూ, విద్యార్థుల మీదకు మామూలుగా పోలీసుల్ని పంపకూడదని, చదువుకునే పిల్లలు ఎప్పుడూ పోలీసు భయంతో, జైలు భయంతో బతకకూడదని చెప్పింది. 2007లో కోర్టే పట్టు బిగించింది. బాధితుడికి తృప్తి కలగకపోతే పోలీసు కేసు పెట్టాల్సిందే అంది. 2009లో హిమాచల్‌లో అమన్ కచ్రూ అనే మెడికల్ విద్యార్థి ప్రాణం పోయాక యూజీసీ గట్టి నిబంధనలు తెచ్చింది.

పిల్లలు పోలీసు భయంతో బతకకూడదన్న మాట మంచి మాట. నాకు దాని మీద కోపం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఎనభై ఏళ్లు మన తాతలు, అవ్వలు ఆ భయంతోనే నిద్రపోయారు కదా, ఆ మాట వాళ్లకోసం ఎందుకు పుట్టలేదు? 1998లో పశ్చిమ బెంగాల్‌లో బుధన్ శబర్ కస్టడీలో చనిపోయాడు. చట్టం పోయి అప్పటికి నలభై ఆరేళ్లు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. దెబ్బ తినేది మనమైనప్పుడు కూడా మాట తేలికైపోతుంది. లోధా శబర్లలో మొదటి మహిళా గ్రాడ్యుయేట్ చునీ కోటాల్‌ను నేరస్థ తెగదానివని యూనివర్సిటీలో ఏళ్ల తరబడి వేధించారు. 1992లో ఆమె మనకు లేకుండా పోయింది. 2019లో ముంబయిలో తడ్వీ భిల్ డాక్టరమ్మ పాయల్, 2023లో వరంగల్‌లో మన లంబాడా బిడ్డ డాక్టర్ ప్రీతి. ఆ రెండు కేసుల్లో నిందితుల అరెస్టులు జరిగాయి. ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టులే, మనం కాదు. కానీ ఇలాంటివి జరిగినప్పుడల్లా "సీనియర్, జూనియర్ మధ్య మామూలు ర్యాగింగ్" అనే మాట ముందు పరిగెత్తుకొస్తుంది. తెగ పేరెత్తి తిట్టడం, రిజర్వేషన్ సీటని ఎగతాళి చెయ్యడం, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద మూసిపెడతారు.

అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు "ర్యాగింగ్ చేశారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఏ తేదీ, ఏ గది, ఎవరు, ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు, అన్నీ రాయండి. 2016 నుంచి యూజీసీ నిబంధనల్లో కులం, జాతి పేరుతో వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందకే వస్తాయి. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు నలుగురి ఎదుట కులం, తెగ పేరుతో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. హెల్ప్‌లైన్ 1800-180-5522. రాసి పెట్టుకోండి.

చివరిగా మనలో మన మాట. మన గిరిజన హాస్టళ్లలో కూడా సీనియర్లు కొత్త పిల్లలతో బట్టలు ఉతికిస్తారు, రాత్రుళ్లు నిలబెడతారు. "మేమూ పడ్డాం కదా" అంటారు. స్టీఫెన్ కూడా పడ్డవాడే. పడినంత మాత్రాన న్యాయం రాదు. వాళ్ల పిల్లలకు మన మీద వేసిన ముద్ర వెయ్యమని మనం అడగడం లేదు. తప్పు చేసినవాడు ఎవరి బిడ్డయినా సాక్ష్యం చూసి శిక్షించండి, చెయ్యనివాడి పెట్టె జోలికి రాకండి అంటున్నాం. ఆ కొలత ముందు మన గదిలో మొదలవ్వాలి. ఈ ఏడు మీ హాస్టల్‌కు వచ్చే కొత్త తమ్ముడికి, చెల్లికి మంచం చూపించండి, మెస్సు ఎక్కడో చెప్పండి. రాత్రి ప్రశాంతంగా నిద్రపోనివ్వండి.