బ్లాకులో మిగిలిన చోటు: స్ట్రోకర్ ఇంజన్ల చరిత్ర

ఇంజన్ సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అనీ, అందులో పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరాన్ని స్ట్రోక్ అనీ అంటారు. ఈ రెండు కొలతలనూ సిలిండర్ల సంఖ్యనూ బట్టి ఇంజన్ ఘనపరిమాణం తేలుతుంది. కర్మాగారం పోతపోసిన బ్లాకును అలాగే ఉంచి, దానికి మొదట నిర్ణయించిన దానికంటె ఎక్కువ స్ట్రోక్ ఇచ్చే క్రాంక్ షాఫ్టును అందులో బిగించి ఘనపరిమాణం పెంచిన ఇంజన్‌కు అమెరికా రేసు మెకానిక్కుల వాడుకలో స్ట్రోకర్ అని పేరు వచ్చింది. ఈ పద్ధతి ఎదిగిన తీరు తెలియాలంటే, అది ఇచ్చిన హార్స్‌పవర్ లెక్కల కంటె, బ్లాకు లోపల రూపకర్తలు వదిలిన కొద్దిపాటి ఖాళీని మెకానిక్కులు ఎలా కొలిచి వాడుకున్నారో చూడడం మేలు.

ఈ చరిత్రకు పునాది 1932లో ఫోర్డ్ కంపెనీ తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8. 221 ఘనపుటంగుళాల ఆ ఇంజన్ సామాన్యుడి కారులో ఎనిమిది సిలిండర్లు పెట్టింది; ఆ కార్లు పాతబడి చవకగా దొరకడం మొదలయ్యాక, దక్షిణ కాలిఫోర్నియా యువకులు వాటిని విప్పి, తేలికచేసి, మ్యురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల నేలపై వేగ పరీక్షలకు తీసుకుపోయారు. ఆ పోటీలను క్రమబద్ధం చేయడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ఇదే వ్యాపకం ఒక పరిశ్రమగా మారింది. 1949లో ఫోర్డ్ సంస్థకే చెందిన మెర్క్యురీ కారుకు 4 అంగుళాల స్ట్రోక్ ఉన్న క్రాంక్ వచ్చింది. అంతవరకు ఫోర్డ్ స్ట్రోక్ 3.75 అంగుళాలే. రెండు ఇంజన్లూ ఒకే కుటుంబానివి కనుక ఈ క్రాంక్ ఫోర్డ్ బ్లాకులో ఒదిగింది. దానికి తోడు సిలిండర్లను 3 5/16 అంగుళాలకు బోరింగ్ చేయిస్తే 276 ఘనపుటంగుళాల ఇంజన్ తయారయ్యేది.

అంతటితో తృప్తిపడని వారికి లేత్ షాపులు మరొక దారి చూపాయి. మెర్క్యురీ క్రాంక్‌లో కనెక్టింగ్ రాడ్ పట్టుకునే పిన్ను వ్యాసం 2.139 అంగుళాలు కాగా, పాత ఫోర్డ్ రాడ్లకు 1.999 అంగుళాల పిన్ను చాలు. ఆ తేడాను పిన్ను చుట్టూ సమంగా కాక, క్రాంక్ మధ్యరేఖ వైపు మాత్రమే అరగదీస్తే పిన్ను కేంద్రం బయటికి జరుగుతుంది. కేంద్రం ఎంత జరిగితే స్ట్రోక్ దానికి రెట్టింపు పెరుగుతుంది కనుక, అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా దక్కేది. కొత్త లోహమేదీ చేర్చకుండా, ఉన్నదానిని ఒక పక్క అరగదీసి ఇంజన్‌ను పెద్దది చేయడం ఆనాటి పనివారి ప్రతిభకు మంచి నిదర్శనం.

1955లో షెవర్లే 265 ఘనపుటంగుళాల చిన్న వి8ను విడుదల చేయడంతో ఫ్లాట్‌హెడ్ కాలం ముగింపుకు వచ్చింది. ఎడ్ కోల్ నేతృత్వంలో రూపొందిన ఈ ఇంజన్‌లో పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 4.40 అంగుళాలు. ఆ ఒక్క కొలతే తరువాతి దశాబ్దాల గతిని నిర్ణయించింది. బోర్ పెంచేకొద్దీ సిలిండర్ల మధ్య గోడలు పలచబడతాయి. 1957లో 283, 1962లో 327, 1967లో 350 ఘనపుటంగుళాలకు ఎదిగిన ఈ బ్లాకు, 1970లో 400కు చేరి 4.125 అంగుళాల బోర్ తీసుకునేసరికి సిలిండర్ల నడుమ నీరు పారే చోటు లేక గోడలను కలిపి పోతపోయవలసి వచ్చింది. ఆ 400 ఇంజన్ తన 3.75 అంగుళాల క్రాంక్‌ను మాత్రం 350 బ్లాకుకు ఇవ్వగలిగింది, అదే స్ట్రోకర్లలోకెల్లా ప్రసిద్ధమైన 383కు మూలం: 350 బ్లాకును 0.030 అంగుళం రీబోరింగ్ చేస్తే బోర్ 4.030 అంగుళాలై, కొత్త క్రాంక్‌తో మొత్తం సుమారు 383 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 6.3 లీటర్లు, అవుతుంది.

అయితే 400 క్రాంక్ అందులో నేరుగా కూర్చోదు. దాని మెయిన్ జర్నల్, అంటే బ్లాకు బేరింగుల్లో తిరిగే భాగం, 2.65 అంగుళాల వ్యాసం కలది. 350 బ్లాకుకు కావలసింది 2.45. అందువల్ల గ్రైండింగ్ తప్పదు. అది పూర్తయ్యాక అసలు పని ఆరంభమవుతుంది. క్లియరెన్స్, అంటే కదిలే భాగాల నడుమ ఉండవలసిన సందు, రెండు తీరులది. జర్నల్‌కూ బేరింగుకూ మధ్య సందు ఆయిల్ పొర నిలవడానికి. జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి సుమారు వెయ్యో వంతు అంగుళం చొప్పున దీన్ని ఉంచడం రేసు షాపుల్లో పాత లెక్క. రెండో తీరు సందు రెండు భాగాలు ఒకదానినొకటి తాకకుండా ఉండడానికి, స్ట్రోకర్‌లో ప్రమాదమంతా దీని వద్దే. స్ట్రోక్ పావు అంగుళానికి పైగా పెరిగితే రాడ్ కింది భాగం గీసే వలయం అందులో సగం మేర అన్ని దిక్కులకూ విస్తరిస్తుంది. ఒక పక్క రాడ్ బోల్టు బ్లాకు అడుగు అంచును, మరో పక్క రాడ్ భుజం పైనున్న క్యామ్ షాఫ్టును సమీపిస్తాయి. అంచు తాకేచోట బ్లాకును గ్రైండర్‌తో గాడి తీస్తారు, కాని ఆ గోడ వెనుకనే నీటి మార్గం ఉంటుంది కనుక చేయి ఆచితూచి కదలాలి. క్యామ్ వద్ద కోయడానికి బ్లాకు లోహం లేదు. అక్కడ బోల్టు తల తక్కువగా ఉన్న రాడ్లనో, వృత్తభాగం చిన్నదిగా చేసిన క్యామ్‌నో ఎంచుకుంటారు. ఈ చోట్ల 0.060 అంగుళం, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, మిగలాలన్నది వాడుకలో నిలిచిన ప్రమాణం. క్యామ్ షాఫ్టు క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. ఒక చుట్టులో తాకని రాడ్ రెండో చుట్టులో తాకవచ్చు. అందుకే క్యామ్‌ను సరైన టైమింగ్‌లో బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఒక్కొక్క రాడ్ దగ్గరా చూడడం ఈ వృత్తిలో ఆచారమైంది.

విడిభాగాల ఎంపికలోనూ ఇదే లెక్క. 350 బ్లాకులో క్రాంక్ కేంద్రం నుంచి పైముఖం దాకా ఎత్తు 9.025 అంగుళాలు, సగం స్ట్రోక్, రాడ్ పొడవు, పిస్టన్ పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఉన్న ఎత్తు, ఈ మూడూ కలిపి ఆ కొలతను మించకూడదు. తొలినాటి పొదుపు మార్గంలో 400 ఇంజన్ 5.565 అంగుళాల పొట్టి రాడ్‌కు 350కి వాడే 1.56 అంగుళాల పిస్టన్ సరిగ్గా జతపడేది. కాని రాడ్ పొట్టిదైతే దాని వాలు పెరిగి, పిస్టన్ సిలిండర్ గోడను గట్టిగా ఒత్తుతుంది. తరువాత 5.7 అంగుళాల రాడ్‌తో 1.425 పిస్టన్లు, 6 అంగుళాల రాడ్‌తో 1.125 పిస్టన్లు వచ్చాయి. ఏ జత తీసుకున్నా మొత్తం 9 అంగుళాలే. ఫోర్డ్ 302 బ్లాకులో 3.40 అంగుళాల క్రాంక్‌తో కట్టే 347 స్ట్రోకర్‌లో ఈ బిగువు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ బ్లాకు ఎత్తు 8.206 అంగుళాలే, 5.4 అంగుళాల రాడ్ వాడితే పిన్ను రంధ్రం ఆయిల్ రింగు గాడిలోకి చొచ్చుకొస్తుంది. గాడి కింద ఆసరాగా ఒక పలుచని పట్టీని అమర్చి కొందరు నెట్టుకొచ్చారు, మరికొందరు రాడ్‌ను 5.315 అంగుళాలకు తగ్గించుకున్నారు.

400 క్రాంక్‌కు మరో మెలిక ఉంది. దాని బరువుల సమతూకం పూర్తిగా క్రాంక్‌లో లేదు. కొంత బరువు ముందున్న డ్యాంపర్‌లోనూ వెనుకనున్న ఫ్లైవీల్‌లోనూ ఉంటుంది, కనుక 350 డ్యాంపర్‌ను అలాగే ఉంచేస్తే ఇంజన్ అదిరిపోతుంది. వేగానికీ హద్దు దిగింది: నిమిషానికి 6,000 చుట్ల వద్ద 3 అంగుళాల స్ట్రోక్‌లో పిస్టన్ సగటున సెకనుకు 15.2 మీటర్లు పోతే, 3.75 అంగుళాల వద్ద 19 మీటర్లు దాటుతుంది. అందుకే 383 ఎక్కువ చుట్లు తిరిగే రేసు ఇంజన్‌గా కంటె, కింది చుట్లలోనే బలంగా లాగే రోడ్డు ఇంజన్‌గా పేరు తెచ్చుకుంది. తరువాతి కాలంలో 350 బ్లాకులో నేరుగా కూర్చునే 3.75 అంగుళాల క్రాంక్‌లు విడిభాగాల మార్కెట్లో దొరికి గ్రైండింగ్ ఖర్చు తప్పింది, జనరల్ మోటార్స్ కూడా 383ను బిగించిన ఇంజన్‌గా అమ్మింది. విడిభాగాలు కొని సొంతంగా కట్టుకునేవారు మాత్రం, పోతలో ఒక్కొక్క బ్లాకుకూ తేడా ఉంటుంది కనుక, ఇప్పటికీ రింగులు లేకుండా పిస్టన్లను ఒకసారి బిగించి, తిప్పి, సందులు చూసి, విప్పి, కోయవలసినది కోసి, కడిగి, ఆ తరువాతనే చివరి బిగింపుకు పూనుకుంటారు.