“రైతుబిడ్డ” చిత్రమును రాచర్లసీమయు

గూడవల్లి రామబ్రహ్మముగారి “రైతుబిడ్డ” చలనచిత్రము 1939 ఆగష్టులో వెలువడినది. కొలదిదినములకే ఐరోపాలో యుద్ధ మారంభమయ్యెను. దీనిని జమీందారీవ్యతిరేకచిత్రమని చెప్పి ముగించుట పరిపాటి. అంతమాత్రమే యైనచో రైతువారీపద్ధతి ప్రధానముగాగల రాచర్ల, గిద్దలూరు ప్రాంతములవారికి ఇందు తమదనదగిన దేమియు నుండరాదు. విషయ మట్లు లేదు.

కథలో నర్సిరెడ్డి స్వల్పభూవసతిగల రైతు, షావుకారునొద్ద ఋణపడినవాడు. ఎన్నికలు వచ్చినంతట జమీందారుపక్షమువానికే వోటు వేయవలెనని యతనిపై నొత్తిడి కలిగెను. అతడు రైతుల యభ్యర్థికే వేసి కష్టములపాలయ్యెను. అప్పిచ్చినవానికి చెల్లవలసినది సొమ్ము మాత్రమా, మనస్సమ్మతి కూడనా? కథయందలి ధర్మసంకట మిదియే. 1935 నాటి శాసనము ననుసరించి 1937లో జరిగిన యెన్నికలలో వోటుహక్కు మునుపటికంటె విస్తరించి పెక్కురు రైతులకు సంక్రమించెను గావున నిది కేవలకల్పనము గాదు. 1938 నాటి వ్యవసాయదారుల ఋణోపశమనశాసనము వడ్డీభారమును తగ్గించెనేగాని యీ ముడిని విప్పలేదు.

కంభము, మార్కాపురము సీమలు 1800లో నిజామునుండి కుంపిణీకి సంక్రమించిన దత్తమండలములలోనివి. మన్రో ప్రవేశపెట్టిన రైతువారీలో రైతు శిస్తును నేరుగా సర్కారునకే చెల్లించును. వాన తప్పినను కిస్తు తప్పదు. కిస్తుకు షావుకారే గతి. గుండ్లకమ్మపై వెలసిన కంభముచెరువునీరు కొన్నియూళ్లకే యాధారము, తక్కినది మెట్టసేద్యము. కావున కథనుండి జమీందారును తొలగించి చూచినను నర్సిరెడ్డి యప్పు మిగిలియే యుండును. ఆ వేషమును ధరించిన బళ్లారి రాఘవగారును దత్తమండలములవారే! భాషాపండితులైన గిడుగు వేంకట సీతాపతిగారును ఈ చిత్రమున నటించిరి.

ఈ చిత్రమునకు పెట్టుబడి చల్లపల్లిజమీందారుది. ఆగ్రహము తక్కిన జమీందారులది. వారి యభ్యంతరములమీదట ప్రదర్శనములపై నిషేధము వచ్చెను. యుద్ధమునుగూర్చిన యభిప్రాయభేదముచే 1939 అక్టోబరులో మదరాసు కాంగ్రెసుమంత్రివర్గము రాజీనామా యిచ్చెను. టంగుటూరి ప్రకాశముపంతులుగారి యధ్యక్షతను జమీందారీలను విచారించిన సంఘముయొక్క సిఫారసులు శాసనరూపము దాల్పకయే నిలిచిపోయెను. తుదకు 1948 నాటి శాసనము ఎస్టేటులను రద్దుచేసి రైతువారీగా మార్చెను. అనగా రాచర్లసీమరైతు నూరేండ్లకు పైబడి యే పద్ధతిలో నుండి షావుకారుగడప త్రొక్కుచుండెనో, జమీందారీరైతును ఆ పద్ధతిలోనికే చేర్చెను.